మిద్దె మీది మన్ను

గూళూరులో సముద్రాన్ని చూసినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అయినా దీపావళి దాటగానే ఊరంతా సముద్రం మాటే. మద్రాసు పక్క తుపాను పట్టిందట అని ఒకరంటే, బెంగళూరు రేడియోలో కన్నడంలో చండమారుత అని చెప్పినారు, నా చెవులతో విన్నానని ఇంకొకరు అనేవాళ్ళు. గాలి మా దాకా వచ్చేసరికి దాని ఊపు తగ్గిపోయేది. వాన మాత్రం తగ్గేది కాదు. ఏడాదంతా చినుకు కోసం మొహం వాచిన ఊరి మీద, సరిగ్గా వేరుశనగ పీకి కుప్ప వేసే వేళ చూసి ముసురు పట్టేది. మొక్కినప్పుడు రాని వాన పిలవని పేరంటానికి వచ్చి కూర్చునేది, ఒక పట్టాన లేచేది కాదు.

నేను చింతామణిలో పుట్టాను. మా నాయనకు అక్కడ చింతపండు, బెల్లం వ్యాపారం. మా ఇంటి పైకప్పు రాతి బండలు. గూళూరుకు కోడలిగా వచ్చేదాకా మట్టి మిద్దె కింద ఒక్కరోజు కూడా పడుకోలేదు. డెబ్బైలు సగం దాటిన రోజులవి. అత్తవారికి వీధిలోకి తెరిచిన చిన్న అంగడి, దాన్ని ఆనుకుని రెండు అంకణాల ఇల్లు. వెలుపలి అంకణంలో ఎనుము, అంటే మా పాలగేదె, ఉండేది. లోపలి అంకణంలో పొయ్యి, విత్తనాల మూటలు, మేమూ. మా మామ నేను రాకముందే పోయాడు. ఇంట్లో మా అత్త, మా ఆయన, నేను, ఎనుము, ఒక పిల్లి. అంగడి మెట్టు మీద ఒక కుక్క కూడా ఉండేది కానీ, అది మాది కాదని మా అత్త అందరికీ చెప్పేది. రోజూ దానికి సంగటి ముద్ద పెట్టేది కూడా ఆమే.

ఆ మిద్దె సంగతి చెప్పకుండా ఈ కథ ముందుకు సాగదు. దూలాల మీద అడ్డకర్రలు, కర్రల మీద కానుగాకు, ఆకు మీద మన్ను, అన్నిటికీ పైన చౌడు. ఊరి బయట నేల మీద తెల్లగా పేరుకునే ఉప్పుమన్నునే చౌడు అంటారు. చేలో ఉంటే అది గింజను మొలవనివ్వదు. అదే ఇంటి మీద పోస్తే వాన నీటిని కిందికి దిగనివ్వదు. ఏటా తుపాను రోజులకు ముందు బండెడు చౌడు తోలించి మిద్దె మీద పరచడం ఊరందరి పని. తొలి గంప ఇంటి పెద్ద పోయాలి. మామ పోయినప్పటి నుంచి ఆ గంప మా అత్తదే. చీర కుచ్చిళ్ళు దోపి, నిచ్చెన ఎక్కి, గంప కుమ్మరించి, అరికాళ్ళతో తొక్కి వచ్చేది.

"ఈ మిద్దె కురిసిందని ఊళ్ళో ఒక్కరితో అనిపించు, సూద్దాం" అనేది. నిజమే, అది ఎప్పుడూ కురవలేదు.

మిద్దె అయ్యాక మిగతా పనులు మొదలయ్యేవి. ముసురులో కరెంటు పోతే మర తిరగదు కాబట్టి రాగిపిండి ముందే ఆడించి డబ్బాకు ఎత్తేవాళ్ళం. ఎండు కట్టెలు, పిడకలు అటక మీదికి చేరేవి. అగ్గిపెట్టెలను రాగుల డబ్బాలో అడుగున పాతిపెట్టేది మా అత్త. అవసరమైనప్పుడు మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతకాల్సి వచ్చేది. ఎనుముకు ఉలవలు, వేరుశనగ చెక్క, ఎండుగడ్డి మోపులు తడి తగలని చోట పేర్చేవాళ్ళం. దాని పలుపుతాడు ముడి విప్పేసి జారుముడి వేసేది అత్త. ఎంత చిన్నపిల్లైనా ఒక్క లాగుడుకు విప్పగలగాలి అనేది. నోరు లేని గొడ్డును కట్టేసి మనం పారిపోతే ఆ పాపం ఏడు తరాలు తగులుకుంటుందట. నాకు ఆమె మీద ఎంత కోపం వచ్చినా, ఆ జారుముడి చూసినప్పుడు మాత్రం గౌరవం కలిగేది.

మేము ఎక్కడ తగువు పడ్డామో ఇప్పుడు చెబుతాను.

లోపలి అంకణానికి వెలుతురు కోసం మిద్దెలో ఒక రంధ్రం ఉంది. గవాక్షం అంటారు. వాన వస్తే దాని మీద బండ మూయాలి. ఒక రోజు పైకెక్కి బండ జరిపి, లోపలికి ఏదో జారిందని చెయ్యి పెట్టాను. భుజం దాకా వెళ్ళినా చెయ్యి గదిలోకి తేలలేదు. చుట్టూ మన్నే. నేను దిగ్భ్రమపడిపోయాను. ఏటా కొత్తది పోస్తున్నారే కానీ పాతది తీయడం అన్న మాటే ఆ ఇంట్లో లేదు. మామ తండ్రి పోసిన దాని మీద మామ, మామ పోసిన దాని మీద అత్త. అదంతా రెండు ముసలి దూలాల మీద ఉంది.

ఆ తర్వాత నా కళ్ళు ఊరుకోలేదు. రోజూ పొద్దున ఎనుము వీపు మీద సన్నటి మన్ను రాలి ఉండేది. నల్లటి వీపు కాబట్టి స్పష్టంగా కనబడేది. తుడిస్తే మర్నాటికి మళ్ళీ. అప్పుడది నిండు చూడి. ఇవాళో రేపో ఈనేలా ఉంది. అందుకని మా అత్త తన మంచం దాని పక్కకే వేసుకుంది. అంటే ఆ దూలం కిందే ఇద్దరూ.

"అత్తా, మిద్దె నుంచి మన్ను రాలతాండాది" అన్నాను.

"ఎలకలు తవ్వతాంటాయి లే. ఆ పిల్లి యాడ తిరగతాండాదో చూడు."

"పాత మన్ను గీకేసి, పల్చగా కొత్త చౌడు పోసుకుందాం అత్తా. బరువు ఎక్కువైంది."

ఆమె నా మొహం వంక చూసింది. "నీకు బండలిల్లు తెలుసు గానీ మట్టిల్లు ఏం తెలుసమ్మా? మన్ను పెరిగేకొద్దీ మిద్దెకు బలం. గీకితే కురస్తాది. మిద్దె నెత్తి గీకడమంటే ఇంటి ఆయుస్సు గీకడమే."

పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మా ఆయన్ను అడిగితే, మీ ఇద్దరి మధ్య నన్ను దూర్చొద్దని చెప్పి వేరుశనగ మూటలు వేసుకుని చింతామణి మండీకి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. మనుషుల మీదైతే అలిగి ఊరుకోవచ్చు, దూలం మీద అలిగి ఏం లాభం?

మాది తూకాల ఇల్లు. చిన్నప్పుడు మా నాయన అటక మీదికి మూట ఎత్తేముందు దూలానికి చెయ్యి ఆనించి కాసేపు నిలబడేవాడు. సరుకు తడిసిందని తెలిస్తే అసలు ఎత్తనిచ్చేవాడు కాదు. అత్త మాటలతో లొంగదు, కానీ ఆమె కూడా కోమటి ఇంటి ఆడదే. తక్కెడ ఏది చెబితే అది నమ్మే మనిషి. అందుకని మిద్దె అంచు నుంచి మన్ను తెచ్చి, అంగడిలో సరుకు కొలిచే సేరుతో రెండు సేర్లు కొలిచాను. ఒకదాన్ని పొడిగా ఉంచాను. రెండోదాన్ని నీళ్ళు పోసి నానబెట్టి, పైకి తేలిన నీళ్ళు వంపేశాను. ఆమెను పిలిచి ఆమె ముందే తక్కెడ ఎత్తాను. తడి మన్నున్న తట్ట దబ్బున కిందికి వెళ్ళి గల్లా పెట్టెకు తగిలింది.

అత్త నా చేతిలోంచి తక్కెడ తీసుకుంది. రెండు తట్టలూ ఖాళీ చేసి, వట్టి తక్కెడ సమంగా నిలుస్తోందా లేదా అని చూసింది. మళ్ళీ తన చేత్తోనే వేసి తూచింది. మళ్ళీ అదే తట్ట దిగింది. తక్కెడ కొక్కేనికి తగిలించి, చేతులు కడుక్కుని, అంగడి గడప మీద కూర్చుంది.

"తూకం నిజమే. కాదనను" అంది. "కానీ పైన ఉండేది అంగడి సరుకు గాదు."

నేను మన్ను చేతులతోనే ఆమె పక్కన కూర్చున్నాను.

"మీ మామ పోయిన ఏడు, మన ఊరి చౌడు ముందే తడిసిపోయిందని పాతపాళ్యం పక్కకు బండి కట్టుకోని పోయినాడు. జరంతోనే పోయినాడు. తెచ్చి, పోసి, తొక్కి, దిగి పడుకున్నాడు. మళ్ళా లేయలేదు. ఆయప్ప చేతి మన్ను పైన ఉండాది. దాన్ని గీకి దిబ్బలో పోస్తామంటాండావు నువ్వు."

ఇన్నాళ్ళూ ఆమె చెప్పిన బలం, ఆయుష్షు ఇవేవీ కాదన్నమాట. ఆమె మీద జాలి కలిగింది. జాలి కలిగినంత మాత్రాన దూలం తేలికవుతుందా? ఆ ప్రశ్న కూడా అప్పుడే వచ్చింది నాకు. నా బుద్ధి అంతే.

మర్నాడు పొద్దున రేడియోలో మళ్ళీ చండమారుత. తూర్పున ఆకాశం బూడిద రంగుకు తిరిగింది. ఊరు ఊరంతా కుప్పలు కప్పుకోవడానికి చేలకు పరుగెత్తింది. కూలికి పిలుద్దామన్నా మనిషి దొరకడు. మా ఆయన చింతామణిలోనే ఉన్నాడు. నేను కొంగు నడుముకు చుట్టి, పార, గంప తీసుకుని నిచ్చెన ఎక్కాను.

మొదటి పారకే కింద నుంచి కేక వినబడింది. "దిగు. దిగమంటాండా."

"దిగను అత్తా. ఎనుము మీద పడితే ఒక పాపం, మీ మీద పడితే ఇంకో పాపం. రెండూ నేను మోయలేను. ఆ మన్ను మీ మీద పడితే మామ సంతోషపడతాడా?"

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు. నేను పగలగొడుతున్నది ఏకంగా ఇంటి నెత్తి. ఊళ్ళో ఏమనుకుంటారో ఆ క్షణంలో బాగానే తెలుసు. అయినా పార ఆపలేదు. కాసేపటికి నిచ్చెన కిర్రుమంది. చూస్తే అత్త తల, ఆ వెనుక భుజాలు పైకొచ్చాయి. చేతిలో ఇంకో పార.

"అట్ల గాదు. అంచు నుంచి లోపలికి రా. నడిమధ్యన నిలబడి తవ్వితే దూలంతో సహా కిందికి పోతావు" అంది.

ఆమె పని మొదలుపెట్టాక నేను ఆమెతో సమానంగా చేయలేకపోయాను. తవ్వుతుంటే ఏ ఏటి మన్ను ఆ ఏటిది పొరలు పొరలుగా విడిపోయింది. తెల్లది, బూడిద రంగుది, మధ్యలో ఎక్కడో బొగ్గు చారిక. ఒక చోట పసుపు పచ్చటి పొర వచ్చింది, మా ఊరి చౌడుకు లేని రంగు. అత్త పార పక్కన పెట్టేసింది. వేళ్ళతో ఆ పొరను పెచ్చులు పెచ్చులుగా లేపి ఒక గంపలోకి ఎత్తింది. నేను నా పారను ఆ పక్కకు పోనివ్వలేదు. గంప నిండాక ఆమే నెత్తిన పెట్టుకుని దిగింది. దాన్ని తన మంచం కిందికి తోసి వచ్చింది. "తులసి మొదట్లో పోస్తాలే" అంది, నేను అడగకపోయినా.

తీసిన మిగతా మన్నును గుమ్మం ముందు కట్టలాగా పోశాం, వీధి నీళ్ళు లోపలికి రాకుండా. ఆ ఏడు మిద్దెకు పోయగా మిగిలిన కొత్త చౌడును వెలుపలి అంకణం మీద పల్చగా పరిచి తొక్కేసరికి మొదటి చినుకులు పడ్డాయి. లోపలి అంకణం అలాగే మిగిలిపోయింది. ఇక దాని మీదికి ఎక్కే వ్యవధి లేదు. అత్త ఒకసారి అటు చూసి, "లోపల ఉండేవన్నీ ఈ పక్కకు తెచ్చేయి. ఎనుమును జరపలేము గానీ మూటలను జరపొచ్చు కదా" అంది. తూకం ఆమెకు నిజంగా ఎక్కిందని నాకు అప్పుడు తెలిసింది.

విత్తనాల మూటలు, రాగిపిండి డబ్బా, కుంపటి, దేవుడి పటాలు, పరుపులు, అన్నీ ఎనుము పక్కకు చేరాయి. పిల్లి మాత్రం వినలేదు. దాని పిల్లలు లోపలి అంకణంలో అటక మీద గోనెపట్టాలో ఉన్నాయి. నేను ఒక్కొక్కదాన్ని తెచ్చి ఎనుము గాడిలో ఒక మూల గడ్డి మీద పెడితే, అది నోట కరుచుకుని మళ్ళీ లోపలికే మోసుకుపోయింది. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఈ మహాతల్లికి ఒక్క ఇల్లు మారడానికి కూడా మనసు రాలేదు. చివరికి గోనెపట్టాతో సహా ఎత్తుకొచ్చి, లోపలి తలుపు మూసి గడియ పెట్టాను. అది నన్ను గీరి, నా వంకే చూస్తూ పిల్లల మీద పడుకుంది.

ముసురు పట్టింది. గట్టిగా కొట్టేది కాదు, ఆగేదీ కాదు. వంకలు పొంగి బస్సులు ఆగిపోయాయి. మా ఆయన రాలేడని తెలిసిపోయింది. ఒక్క అంకణంలో ఇద్దరు ఆడవాళ్ళం, ఒక చూడి ఎనుము, పిల్లీ దాని పిల్లలూ. కుంపటి మీద సంగటి కెలికి, ఊరగాయతో తినేవాళ్ళం. కుక్క గుమ్మం ముందు మట్టికట్ట మీద ముడుచుకుని వణుకుతూ ఉంటే, అత్త తలుపు తీసి పెట్టి మొహం గోడ వైపు తిప్పుకుంది. అది లోపలికి వచ్చి మూటల వెనుక దూరాక, "తలుపు ఎవరు తీసినారో, చలి వస్తాండాది" అని మూసింది.

ఇంకో రోజు గడిచింది. మధ్యాహ్నం ఎనుముకు నొప్పులు మొదలయ్యాయి. పడుకుంటుంది, లేస్తుంది, గాడికి తల ఆనిస్తుంది. అత్త దాని నడుము నిమురుతూ ఏదో చెబుతూ కూర్చుంది. దూడ ముందుకాళ్ళు కనబడిన వేళకు లోపలి నుంచి ఒక మూలుగు వినబడింది. ముందు ఎనుము అనుకున్నాను. ఆ తర్వాత నేల అదిరింది. మూసిన తలుపు సందుల్లోంచి తడి మన్ను, చల్లటి గాలి కలిసి మా మీదికి వచ్చాయి. లోపలి అంకణం మొత్తం కూలిపోయింది. మేము పెళ్ళైనప్పటి నుంచి పడుకున్న చోటు, పొయ్యి, పిల్లి విడిచి రానన్న అటక.

నాకు గెలిచినట్లు అనిపించలేదు. మూట మీద కూర్చుండిపోయాను. అత్త చెయ్యి జారుముడి మీద ఉంది, లాగడానికి సిద్ధంగా. కళ్ళు మా మీది దూలం మీద ఉన్నాయి. అది కదల్లేదు. కాసేపు చూసి ఆమె ముడి వదిలి, దూడ కాళ్ళు పట్టుకుంది. "రామ్మా, పట్టు" అంది నాతో.

దూడ నేల మీదికి జారింది. ఆడదూడ. ఎనుము దాన్ని నాకడం మొదలుపెట్టిందో లేదో, పై నుంచి దాని మీద బురద నీళ్ళు పడ్డాయి. రెండు అంకణాలు కలిసే చోట మిద్దె పగిలింది. మొదట చుక్కలు, ఆ తర్వాత ధార. గీకితే కురుస్తుందని అత్త ఎన్నిసార్లు చెప్పిందో అన్నిసార్లూ నా చెవుల్లో వినబడింది. ఆమె చెప్పిందీ నిజమే, తక్కెడ చెప్పిందీ నిజమే. ఇంత చేసి, అప్పుడే పుట్టిన దూడను చలికి పోగొట్టుకుంటామా అని నాకు ఏడుపొచ్చింది. బాన పెట్టాను, నిండిపోయింది. ఎనుము కొత్తగా ఈనింది, దూడనూ దాన్నీ జరుపుదామంటే మూటల మధ్య అడుగు చోటు లేదు.

పగుల్లోకి పొడి చౌడు పోసి తొక్కితే ధార ఆగుతుంది. కొత్త చౌడు అయిపోయింది. తీసిందంతా గుమ్మం ముందు బురదైపోయింది. ఇంట్లో పొడి మన్ను ఒకే ఒక్క గంప ఉంది, ఆమె మంచం కింద. నేను అటు చూడకూడదని దూడ వైపే చూస్తూ నిలబడ్డాను. ఆ మాట నా నోటితో అనలేను.

అత్త వంగి గంప బయటికి లాగింది. దాని మీద గోనెపట్టా కప్పి నెత్తిన పెట్టుకుంది.

"నిచ్చెన పట్టుకో" అంది.

వానలో నిచ్చెన జారుతోంది. రెండు చేతులతో, నా ఒళ్ళంతా ఆనించి పట్టుకున్నాను. పైన ఆమె అడుగుల చప్పుడు తెలుస్తోంది, ఒకే చోట, మెల్లగా, గట్టిగా తొక్కుతున్న చప్పుడు. ఆ వయసులో, ఆ వానలో, పక్క అంకణం కూలిన మిద్దె మీద. దిగి వచ్చేసరికి జుట్టు మొహానికి అంటుకుపోయి ఉంది. కాళ్ళకు మోకాళ్ళ దాకా పసుపు పచ్చటి బురద.

లోపలికి వచ్చి, ఖాళీ గంపను బోర్లించి దూడ పక్కన కూర్చుంది. తల పైకెత్తలేదు.

"ఆగిందా?"

నేను చూశాను. ధార సన్నబడి, చుక్కలై, ఆ చుక్కలు కూడా నిలిచాయి.

"ఆగింది అత్తా."

"ఆగతాది. ఆయప్ప జరంతో పోసినా గట్టిగా తొక్కే మనిషి" అని, పొడిగా మిగిలిన కొంగు కొసతో దూడ వీపు మీది మన్ను తుడిచింది.